జీవకణము తన వృత్తి నెట్లు తెలిసికొనును?



గత సంవత్సరము వేసవిలో భీమవరమునకు సమీపమున నున్న యొక గ్రామమునకు, బంధువుల యింట పెండ్లికి పోయి యుంటిని. భోజనములైన పిమ్మట పెద్దలు కొందఱు అరుగుమీద కూర్చుండి మాటలాడుచుండిరి. ఆ వీథిలోనే యొక యింట పది నెలల మగబిడ్డ యున్నాడు. మొండెము సరిగనే యున్నది. చేతులును కాళ్లును మాత్రము మిక్కిలి కుఱచ. తల పెద్దది, నుదురు ముందునకు వచ్చినది, ముక్కుదూలము అణగినది. తల్లియు దండ్రియు సామాన్యమైన పొడవు గలవారే. ఇరువంకల వంశములలోను అట్టివా రెవ్వరును లేరు.

కారణము తెలియని చోట తీర్పు త్వరగా జరుగును. కోడలు కడుపుతో నున్నప్పుడు గ్రహణము పట్టినదనియు, ఆ సమయమున ఆమె కత్తిపీట ముందు కూర్చుండి కూర తరిగినదనియు, అందువలననే బిడ్డ యిట్లు పుట్టెననియు అత్తగారు పదిమందిలో ననెను. మాటకు మాట పెరిగి, ఆ పిల్లను పుట్టింటికి పంపివేయుదు మనుదాక వచ్చినది. మఱునాడు పెద్దలు కూర్చుండి యీ సంగతి తేల్చవలసి యున్నదట. వారిలో మిక్కిలి వయసు మీఱిన యొకాయన నావైపు తిరిగి, "మాస్టరుగారూ, మీరు ముప్పయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పినవారు గదా! ఇది గ్రహణమా, కర్మమా, రక్తదోషమా? ఏదో ఒకటి చెప్పండి" అని యడిగెను.

గ్రహణము కాదనియు, తల్లి చేసిన తప్పు లేదనియు నేను చెప్పితిని. అందుకాయన నవ్వి, "కాదని చెప్పడం సుళువేనండీ. మఱి యెందువల్ల?" అనెను.

న్యాయమైన ప్రశ్న. కాదనుటకు ఒక్క మాట చాలును. ఎందువలన ననుటకు చాల మాటలు కావలెను. ఆ రాత్రి అరుగుమీద చెప్పిన దానినే యీ పూట మీకును విన్నవింప దలచితిని.

మన దేహము జీవకణములతో కట్టబడినది. ఎదిగిన మనుష్యునిలో సుమారు ముప్పది లక్షల కోట్ల కణము లున్నవని శాస్త్రజ్ఞుల లెక్క. ఇవి యన్నియు తల్లి కడుపున మొదట నేర్పడిన యొకే యొక కణమునుండి పుట్టినవే. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై పెరిగినవి. ఇంతవఱకు వింత లేదు. వింత యెక్కడ నన్నచో, ఆ కణములన్నియు నొకే తీరుగ నుండవు. ఒకటి యెముక యగును, ఒకటి చర్మ మగును, మఱియొకటి నాడియై వెన్నునుండి బొటనవ్రేలి దాక తీగవలె సాగును. రెండు వందలకు మించిన జాతులు వీనిలో గలవు. ఒక జాతి కణము మఱియొక జాతినుండి వేఱుపడి తన పనికి తగిన రూపమును తాల్చుటకు విభేదన మని పేరు.

అయితే వీనిలో ప్రతి కణమునందును దాచబడిన గ్రంథ మొక్కటియే. ఎఱ్ఱరక్తకణములవంటి కొన్నిటిని విడిచినచో, కంటి కణమునందును కాలేయపు కణమునందును అదే జన్యు గ్రంథము అక్షరము పొల్లుపోక యుండును. అందఱి యింటను ఒకే పుస్తకమున్నను, వడ్రంగి వడ్రంగపు ప్రకరణమును, సాలెవాడు నేతపని ప్రకరణమును మాత్రమే తెఱచి చదివినట్లు, ప్రతి కణమును తనకు వలసిన ప్రకరణమునే చదువును. మఱి నీ ప్రకరణ మిది యని దానికి చెప్పువా రెవరు? ఇదియే నేటి ప్రసంగమునకు మూలమైన ప్రశ్న.

చెప్పువారు చాల వఱకు ఇరుగుపొరుగువారే. పిండములోని కణములు ఒండొంటికి కబుళ్లు పంపుకొనును. ఆ కబుళ్లు మాటలు కావు; మాంసకృత్తులు, అనగా ప్రోటీనుల చిన్న చిన్న అణువులు. వానికి వృద్ధికారకము లని పేరు. పేరులో వృద్ధి యున్నంత మాత్రమున పెంచుట యొక్కటియే వాని పని యనుకొనరాదు. అది పొరపాటు పేరని నా యభిప్రాయము. ఎందువలనో ముందు తెలియును.

ఈ కబుళ్లను మొదట కనిపెట్టిన కథ వినదగినది. ఇటలీ దేశమున టూరిన్ నగరమునందు రీటా లెవీ మోంటాల్చినీ యను వనిత యుండెను. 1909లో పుట్టి, 1936లో వైద్యపట్టమును పొందినది. ఆమె యూదు కుటుంబమునకు చెందినది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము యూదులను విద్యాలయములలో పనిచేయరాదని శాసించెను. ఆమె తన పడక గదిలోనే ప్రయోగశాల నేర్పఱచుకొన్నది. కుట్టుసూదులను నూఱి సన్నని పనిముట్లుగ చేసికొన్నది. యుద్ధకాలమున బాంబులు పడుచుండగ పల్లెకు పోయి, కోడిగ్రుడ్లను సంపాదించి, వానిలోని పిండముల నాడులు పెరుగు విధమును చూచుచుండెను.

యుద్ధానంతరము 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు, విక్టర్ హాంబర్గర్ అను ఆచార్యుని యొద్దకు ఆమె పోయెను. అచ్చట ఎలుక కణితిని కోడిపిండమున నంటగట్టి చూడగ, పిండపు నాడులు గుంపులు గుంపులుగ ఆ కణితిలోనికి చొచ్చుకొనిపోయెను. పిదప కణితిని పిండమునకు తగులనీయక, గ్రుడ్డులోని బయటి పొరమీద నుంచి చూచినది. అప్పుడును నాడులు విపరీతముగ పెరిగెను. తాకకయే పని జరుగుచున్న దనగా, ఏదియో యొక పదార్థము కణితినుండి ఊఱి, నెత్తుటిలో కలిసి, నాడులను చేరుచున్నదన్న మాట. 1952లో రెండు చిట్టెలుకలను వెంటబెట్టుకొని విమానమున బ్రెజిల్ దేశమునకు పోయి, రియో డి జనీరోలో గాజుపాత్రయందు అదే ప్రయోగమును చేసినది. కణితి తునుకచెంత నుంచిన నాడీకణముల చుట్టును, సూర్యుని చుట్టు కిరణములవలె, తంతువులు మొలిచెను.

ఆ పదార్థమును వేఱుచేయు భారము 1953లో వచ్చి చేరిన స్టాన్లీ కోహెన్ అను రసాయనశాస్త్రజ్ఞునిపై పడెను. ఇచ్చట నొక చమత్కారము జరిగినది. ఆ పదార్థమునుండి మలినమును తొలగించుటకై ఆయన పాము విషమును కలిపెను. కలిపిన పిమ్మట దాని శక్తి తగ్గుటకు మాఱు మిక్కిలి హెచ్చెను. చూడగా పాము విషమునందే ఆ నాడీవృద్ధికారకము కణితిలో కంటె అనేక రెట్లు అధికముగ నున్నది! పాము విషము పుట్టునది లాలాజల గ్రంథివంటి గ్రంథిలోనే గదా యని తలచి, ఎలుకల లాలాజల గ్రంథులను వెదకిరి. అందును దొరకెను.

ఆ గ్రంథుల రసమును అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కించినప్పుడు కోహెను మఱియొక వింతను చూచెను. రెండు వారములకు తెఱవవలసిన కన్నులు ఏడవ దినముననే తెఱచెను. దంతములును ముందే వచ్చెను. నాడీకారకమున కీ పని లేదు. వేఱొకటి యేదియో యున్నది. అది కనుఱెప్పల చర్మకణములను త్వరగా పెంచి, త్వరగా ముదుర జేయుచున్నది. 1962లో ఆయన దానిని వేఱుచేసి ప్రకటించెను. ఏబదిమూడు ఆమినో ఆమ్లముల చిన్న గొలుసు అది. చర్మవృద్ధికారక మని చెప్పవచ్చును. ఈ యిరువురకును 1986లో నోబెలు బహుమాన మిచ్చిరి. రీటా నూటమూడేండ్లు జీవించి 2012లో పరమపదించినది.

కబురు సరే. వినువా రెవరు? కణము చుట్టును పొర యొకటి యున్నది. కబురు తెచ్చిన యణువు ఆ పొరను దాటి లోనికి పోజాలదు. అందువలన ఆ పొరలో గ్రాహకములను అణువులు నిలిచి యున్నవి. గోడలో దిగగొట్టిన మేకువలె ఒక కొస వెలుపలను, ఒక కొస లోపలను ఉండును. వెలుపలి కొస కబురును పట్టుకొనును. పట్టుకొన్నంతనే ప్రక్కప్రక్కల నున్న రెండు గ్రాహకములు జంటగ కూడును. అప్పుడు వాని లోపలి కొసలు మేలుకొని, ఒకదాని కొకటి భాస్వరపు ముద్రను వేసికొనును. ఆ ముద్రయే లోపలివారికి గుర్తు.

ఈ ముద్ర టైరోసిను అను ఆమినో ఆమ్లముపై పడునని 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థయందు టోనీ హంటరు కనిపెట్టెను. క్రొత్త ద్రావణమును కలుపుకొనుటకు బద్ధకించి, నిలువ ద్రావణమునే వాడుటచేత, అంతకుముందు కలిసి కనబడు రెండు పదార్థములు ఆనాడు విడివడి కనబడినవట! బద్ధకము ప్రతివారికి నింత మేలు చేయదు గాని, కనబడిన వింతను పాఱవేయక నిలిచి చూచుటే ఆయన గొప్పతనము.

భాస్వరపు ముద్ర యంటిని. ఆ ముద్రను ఎచ్చటినుండి తెత్తురు? ఎ.టి.పి. యను అణువునుండి. ఆ యణువును 1929లో జర్మనీయందు లోమన్ అను నతడును, అమెరికాలోని హార్వర్డునందు ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు అను నిరువురును వేఱువేఱుగ కనుగొనిరి. సుబ్బారావుగారు 1895లో పుట్టినది ఆ భీమవరముననే. నేను కూర్చున్న యరుగునకు ఎంతయో దూరము లేదు. ఈ మాట చెప్పగానే అచ్చటి పెద్దలు వంచిన తలలెత్తి వినసాగిరి. స్వగ్రామాభిమానము గూడ నొక గ్రాహకమేమో!

ఇక కబురు లోపల నడచు విధము. 1984కు ముందు మన గ్రామములలో కరణములును మునసబులును ఉండిన రోజులు మీలో పెద్దల కందఱకును జ్ఞాపక ముండును. తహసీలుదారు కచేరినుండి వచ్చిన తాఖీదు మునసబునకు, మునసబునుండి తలారికి, తలారి టముకుచే ఊరివారికి తెలియుచుండెడిది. కణమునందును అట్లే. ముద్రపడిన గ్రాహకమును ఒక యణువు పట్టుకొని రాస్ అను నణువును లేపును. రాస్ రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను లేపును. ఈ కడపటి ఎర్క్ కణము నడుమనున్న కేంద్రకములోనికి పోయి, జన్యు గ్రంథమున ఏ పుట తెఱవవలెనో, ఏ పుట మూయవలెనో చూచువారికి తానును భాస్వరపు ముద్ర వేయును. పేరులు వినుట కింపుగ లేవు గాని, వీనిలో రాస్ అను పేరును మఱువకుడు. మరల వచ్చును.

ఇట్టి కబురు ఒక కణపు వృత్తిని నిర్ణయించునని చూపుటకు పండ్లపై ముసరు చిన్న యీగ కంటె మంచి సాక్షి లేదు. ఆ యీగ కన్ను ఏడెనిమిది వందల చిన్న కన్నుల కూడిక. ఒక్కొక్క చిన్నకంటిలో వెలుతురు చూచు కణములు ఎనిమిది యుండును. వీనిలో ఏడవది యేర్పడవలెనన్నచో, ముందే యేర్పడిన ఎనిమిదవ కణము తన మేనిపై నున్న యొక యణువుతో దానిని తాకి కబురు చెప్పవలెను. ఏడవ కణమున ఆ కబురు వినెడి గ్రాహకము లేని యీగలు కొన్ని గలవు. వానిలో ఆ కణము చావదు, ఆగిపోదు. చూచు కణము కాక, కటకమును కట్టెడి కణముగ మాఱిపోవును. ఇంకను వినుడు. 1990 ప్రాంతమున ఆ యీగలలోనే రాస్‌ను ఎప్పుడును మేలుకొనియుండునట్లు మార్చి చూచిరి. అప్పుడు కటకము కట్టవలసిన కణములు గూడ చూచు కణములయ్యెను. పిలువకున్నను పిలిచినట్లు విన్నవన్న మాట. కావున వృత్తి కణము పుట్టుకలో లేదు. విన్న కబురులో నున్నది.

అరుగుమీది యొకాయన యిచ్చట నడ్డుతగిలి, "అన్ని కబుళ్లూ ఆ రాస్ ద్వారానే పోతే, ఏ కబురేదో లోపలివాళ్లకెట్లా తెలుస్తుందండీ?" అనెను. ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులే చాల కాలము వేసికొనిరి. 1976లో గ్రీన్, టిష్లర్ అను వారు ఎలుక మూత్రపిండముమీది గ్రంథిలో పుట్టిన కణితినుండి ఒక జాతి కణములను గాజుపాత్రలలో పెంచిరి. వానికి చర్మవృద్ధికారకమును పోసినచో విభజన చెంది సంఖ్య పెరుగును. నాడీవృద్ధికారకమును పోసినచో విభజన మానివేసి, తంతువులు చాచి, నాడీకణములవలె నగును. రెండు కబుళ్లును పోవు త్రోవ యొక్కటే. రాస్, రాఫ్, మెక్, ఎర్క్. భేద మెక్కడ? కాలమునందు. చర్మకారకము లేపిన ఎర్క్ కొంతసేపటికే నిద్రపోవును. నాడీకారకము లేపినది గంటల తరబడి మేలుకొని యుండును. ఇది నిజమా యని పరీక్షించుటకు ఆ కణములలో చర్మకారకపు గ్రాహకములను చాల యెక్కువగ పుట్టించి చూచిరి. కబురు దీర్ఘముగ నిలిచెను. కణములు తంతువులు చాచెను.

సేద్యగాండ్రకు దీనిని విడమఱచి చెప్ప నక్కఱలేదు. అదే కాలువ, అదే తూము, అదే నీరు. ఒక్క పూట వదలినచో మెట్టచేను తడియును. పదిదినములు నిలిపినచో దమ్ము చేయదగిన మడి యగును. నేల తీరునుబట్టి గూడ ఫలము మాఱును. ఇసుకనేల పీల్చుకొనును, రేగడినేల నిలుపుకొనును. కణమునందును ఏ కబురు వచ్చినదన్న దొక్కటే చాలదు. ఎంతసేపు నిలిచినది, విన్నవా డెవడు అన్నవి గూడ కావలెను.

ఇక బిడ్డ సంగతికి వచ్చెదను.

చేతుల యెముకలును కాళ్ల యెముకలును మొదట నెముకలు కావు. మృదులాస్థి, అనగా మన చెవిదొప్పవలె వంగెడి మెత్తని పదార్థము. పొడవైన యెముక కొనలయందు ఈ మృదులాస్థి బిళ్లగ నిలిచి, పెరుగు వయసు తీఱువఱకు ఉండును. ఆ బిళ్లలో కణములు నాణెములు పేర్చినట్లు వరుసలుగ విభజన చెందును. పిదప ఉబ్బి ముదురును. ఆ ముదిరిన చోట ఎముక వచ్చి కూర్చుండును. విభజన యొక మెట్టు, ముదురుట మఱియొక మెట్టు. ఎముక పొడవు పెరుగుట ఈ రెండింటివలననే.

ఈ కణములపై నొక గ్రాహక మున్నది. తంతుకణ వృద్ధికారకములను కబుళ్లను వినెడి గ్రాహకములలో మూడవది. పేరునకు వృద్ధి గ్రాహకమే. ఎముకలో దాని పని మాత్రము వృద్ధి నాపుట! దానినుండి పోవు కబురు రెండు త్రోవల నడచును. ఒక త్రోవ విభజనను తగ్గించును. ఎర్క్ త్రోవ ముదురుటను అడ్డగించును. బండికి పగ్గమువలె నిది యుండవలసినదే. ఈ గ్రాహకమును పూర్తిగ తొలగించిన ఎలుకలను 1996లో పుట్టించి చూడగ, వాని యెముకలు తగినదానికంటె పొడవుగ పెరిగినవి. పగ్గము లేని బండి యట్లే గదా పోవును.

ఆ బిడ్డకు పట్టణపు వైద్యుడు వ్రాసి యిచ్చిన కాగితమును తండ్రి నాకు చూపెను. అందు అకాండ్రోప్లాసియా యని యున్నది. ఇరువదియైదు వేల జననములలో నించుమించుగ నొకరికి వచ్చును. దాని కారణమును 1994లో కనుగొనిరి. మూడవ గ్రాహకపు గొలుసులో 380వ స్థానమున గ్లైసిను ఉండవలసిన చోట ఆర్జినిను ఉన్నది. గ్రంథ మంతటిలో ఒక్క యక్షరము మాఱినది. ఈ జబ్బు గలవారిలో దాదాపు అందఱికిని అదే యక్షరము! ఆ మార్పువలన గ్రాహకము కబురు లేకున్నను కొంత మేలుకొని యుండును. కబురు వచ్చినచో త్వరగా నిద్రపోదు. పగ్గము బిగిసియే యుండును. అందుచేత చేతులును కాళ్లును కుఱచ యగును.

మఱి తల యేల పెద్దది? తలపై కప్పెముకలు మృదులాస్థినుండి పుట్టవు. పొరనుండి నేరుగ నెముకగ మాఱును. వానిమీద ఈ పగ్గము బిగువు లేదు. తల యడుగు భాగము మాత్రము మృదులాస్థినుండి వచ్చును, అది చిన్నదగును. అందువలననే నుదురు ముందుకు వచ్చి, ముక్కుదూలము అణగి కనబడుచున్నది. బుద్ధికి లోపము లేదు. బిడ్డ ముఖమున నున్న ప్రతి గుఱుతునకును ఈ యొక్క గ్రాహకమే సమాధానము. ఇందు కత్తిపీటకు చోటెక్కడ?

అంతేకాదు. ఆ యక్షరము మాఱినది తల్లి కడుపున కాదు. ఆరోగ్యముగ నున్న తలిదండ్రులకు ఇట్టి బిడ్డ పుట్టినప్పుడు పరీక్షించి చూడగ, ఆ మార్పు తండ్రి బీజమునుండియే వచ్చుచున్నదని 1998లో తేలినది. పురుష బీజములు జీవితమంతయు క్రొత్తగ పుట్టుచుండును. పుట్టినప్పుడెల్ల గ్రంథమును మరల వ్రాసికొనవలెను. ఎన్ని వేల ప్రతులు వ్రాసిన లేఖకునికైనను ఒకచోట చేయి జాఱును. తండ్రి వయసు హెచ్చినకొలది ఈ పొరపాటు కొంత యెక్కువ యగును. ఈ మాట వినగానే అరుగుమీద నందఱును బిడ్డ తండ్రివైపు చూచిరి. అతడు తల వంచుకొనెను. ఒకరి మీదినుండి తప్పు తీసి మఱియొకరి మీద పెట్టుటకు నే నిది చెప్పలేదనియు, తాళపత్రములను ప్రతి వ్రాసినవాని చేయి జాఱిన దానికి నేర మనము గదా యనియు చెప్పితిని. తాతలు తండ్రులు పడిన పాపమును కాదు. ఆ బిడ్డ కణమై యేర్పడిన క్షణముననే ఆ యక్షరము మాఱి యున్నది. గ్రహణము పట్టునాటికి అన్నియు జరిగిపోయినవి. ఒక గ్రహణము దేశమునందలి గర్భవతుల కందఱికి నొకేసారి పట్టును. వారిలో లక్షలమంది ఆనాడు కూర తరిగియే యుందురు.

గ్రహణపు మొఱ్ఱి సంగతి యేమని యొకా యన యడిగెను. పెదవి తునుకలు గర్భమున నాలుగవ వారమునుండి ఏడవ వారము లోపల కలిసికొనును. అప్పటికి చాలమందికి తాము గర్భవతులమని నిశ్చయముగ తెలియనే తెలియదు. కలియకపోవుటకు కారణము లనేకము. గ్రహణము వానిలో లేదు. శస్త్రచికిత్సచే బాగగును. ఇంతకంటె నిచ్చట విస్తరింపను.

రాస్‌ను మఱువవల దంటిని. ఈ కబుళ్ల త్రోవ పెద్దవారిలో చెడినచో కాన్సరు. మనుష్యుల కాన్సరులలో సుమారు అయిదింట నొక వంతున రాస్ ఆరిపోని దీపమువలె మేలుకొనియే యుండుటను చూచిరి. కణము తన వృత్తిని మఱచి, పెరుగు మన్న మాటనే వినుచుండును. కొన్ని రొమ్ము కాన్సరులలో చర్మకారకపు గ్రాహకమునకు చెల్లెలివంటి హెర్-2 యను గ్రాహకము మితిమీఱి యుండును. ఆ గ్రాహకమును పట్టి యాపెడి మందు 1998లో వచ్చినది. అంతకు పూర్వము అట్టి కాన్సరు మిక్కిలి క్రూరమైనది. కావున మీ యింట నెవరికైనను ఆ వ్యాధి యని తెలిసినచో, హెర్-2 పరీక్ష జరిగినదా యని వైద్యుని తప్పక యడుగుడు.

బిడ్డకు మందు లేదా యని మీ రడుగుదురు. బిగిసిన పగ్గమును రాఫ్ నొద్ద కొంత సడలించెడి మందు వోసొరిటైడ్ అను పేర 2021లో అమెరికాయందును యూరపునందును ఆమోదము పొందినది. దినమున కొక సూది. ఎముక కొనలు మూసికొనువఱకు. ఏడాదికి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు అదనముగ పెరుగుటను చూచిరి. చాల ఖరీదైనది. ఈ మందు లేకున్నను చేయవలసిన వున్నవి. పుఱ్ఱె యడుగున వెన్నుపాము దిగు రంధ్రము ఇట్టి బిడ్డలలో ఇఱుకుగ నుండును. నిద్రలో ఊపిరి ఆగుట, కాలుసేతులు మెత్తబడుట కనబడినచో ఆలసింపక పెద్దాసుపత్రికి తీసికొని పోవలెను. నడుము గట్టిపడక ముందే ఆసరా లేక కూర్చుండబెట్టరాదు. చెవి చీము పట్టుచున్నదా యని చూచుకొనవలెను.

ఆ పెద్దాయన చాలసేపు మాటలాడక యుండి, "మఱి వాళ్లకి రెండో బిడ్డ?" అనెను. ఇరువురును సామాన్యమైన పొడవు గలవారైనప్పుడు మరల నిట్లే పుట్టుట నూటికి ఒకటి గూడ లేదంటిని. ఈ బిడ్డ పెరిగి పెండ్లాడినప్పుడు మాత్రము, భార్య సామాన్యురాలైనచో, పుట్టెడి ప్రతి బిడ్డకును సగము సగము. అది అప్పుడు వా రిరువురును తెలిసి నిర్ణయించుకొనవలసిన సంగతి.

"అయితే మాస్టరుగారూ, రేపు మేం కూర్చోవలసిన పని లేదు. ఇప్పుడే పోయి ఆ అత్తగారితో మీరే చెప్పండి, మేమూ వస్తాం" అని ఆయన కఱ్ఱ తీసికొని లేచెను. పోయితిమి. ఆమె తలుపు దగ్గఱ నిలిచి యంతయు వినెను. రాస్ గీస్ అని నేను చెప్పలేదు. తండ్రి బీజములో నొక్క యక్షరము జాఱినదని మాత్రము చెప్పితిని. కోడలు లోపల బిడ్డను ఒడిలో వేసికొని కూర్చున్నది. ఆ యత్తగారు కోడలివైపు చూడలేదు, ఏమియు ననలేదు. కొంతసేపటికి నన్ను, "బాబూ, వీడు నడుస్తాడా?" అని యడిగెను.

"నడుస్తాడమ్మా. కొంచెం ఆలస్యంగా నడుస్తాడు, ఏడాదిన్నరకో రెండేళ్లకో. తొందరపెట్టకండి" అంటిని.